ఇనప పట్టా నుంచి రేడియల్ దాకా: నెల్లూరు తీరంలో టైరు

నెల్లూరు తీరంలో మొదటి టైరు రబ్బరుది కాదు, ఇనుముది. ఎద్దుల బండి చక్రాన్ని నల్లతుమ్మ కర్రతో చేసేవారు. నడుమ ఇరుసు దూరే దిమ్మ, దాని చుట్టూ ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు తిరిగిన పూటీలు. వీటన్నిటినీ ఒక్కటిగా బిగించి పట్టేది పైన తొడిగే ఇనప పట్టా. వడ్రంగి చక్రం చేసి ఇస్తే పట్టా ఎక్కించడం కమ్మరి పని. చక్రం చుట్టుకొలత కంటే పట్టాను కాస్త చిన్నదిగా వంచి అతికి, నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. కాలి సాగిన పట్టాను ఇద్దరు ముగ్గురు పట్టుకార్లతో లేపి చక్రం మీదికి దించి, పూటీలు మండక ముందే నీళ్లు కుమ్మరించేవారు. ఆవిరి పొగలో ఇనుము ముడుచుకుంటుంటే చక్రమంతా కిర్రుమంటూ బిగుసుకునేది. ఎండాకాలంలో కర్ర ఎండి పట్టా వదులైతే చక్రాన్ని చెరువులో నానబెట్టేవారు. ఇలా చేసిన చక్రానికి కందెన తప్ప పెద్దగా ఖర్చు ఉండదు. పట్టా అరిగినా ఇనుము ఇనుమే, మళ్లీ కొలిమికి వెళ్లేది.

అయితే ఈ టైరుకు సముద్రపు ఒడ్డు పడదు. మైపాడు, కోడూరు, తూపిలిపాళెం వైపు నేల ఇసుక. కాస్త లోపలికి వస్తే వరిచేల బంకమన్ను. సన్నటి ఇనప పట్టా ఇసుకలో కత్తిలా దిగబడుతుంది, వానాకాలపు బాటలో లోతుగా గాడి పెడుతుంది. అందుకే తీరం వెంబడి బరువైన సరుకు చాలా కాలం నీటి మీదే నడిచింది. మద్రాసు నుంచి ఉత్తరానికి కొంచెం కొంచెంగా తవ్వుతూ వచ్చిన కాలువకు 1876–78 కరువు రోజుల్లో కూలిపని కింద మరికొంత తవ్వకం జరిగింది. అప్పటి గవర్నరు పేరు మీద 1878లో అది బకింగ్‌హాం కాలువ అయింది. కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవల్లో మద్రాసు చేరేవి. గూడూరు చుట్టుపక్కల గనుల అభ్రకం, పొలాల పంట రేవు దాకానో, తర్వాతి కాలంలో రైలు స్టేషను దాకానో బండ్ల మీద వచ్చేవి. అభ్రకానికి టైర్లతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. రబ్బరు అచ్చుకు అంటుకోకుండా ఊడి రావడానికి చల్లే పొడుల్లో అభ్రకం పొడి ఒకటి.

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన రబ్బరు టైరును తయారు చేశాడు. దాని అసలు గుణం మెత్తదనం కాదు, బరువును ఎక్కువ నేల మీద పరచడం. ఇసుక నేలకు కావలసింది సరిగ్గా అదే. డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో టైర్ల తయారీ మొదలుపెట్టింది. పశువులు లాగే బండ్ల కోసం కూడా టైర్లు వచ్చాయి. ఇనప పట్టాలు కంకర రోడ్లను దున్నేస్తున్నాయని రోడ్ల శాఖలకు ఎప్పటినుంచో ఫిర్యాదు ఉంది కాబట్టి వాళ్లూ వీటిని మెచ్చుకున్నారు. రైతు మాత్రం తొందరపడలేదు. కర్ర చక్రం విరిగితే బాగుచేయడానికి వడ్రంగి ఊళ్లోనే ఉన్నాడు. రబ్బరు టైరుకు ముల్లు గుచ్చుకుంటే పట్నం పోవాలి. పల్లెల్లో ‘టైరు బండి’ నిజంగా పాతుకుపోయింది లారీలు పెరిగాక. లారీకి పనికిరాని పాత టైరు సగం ధర కూడా లేకుండా దొరకడం మొదలయ్యాక ఎద్దులకూ రబ్బరు చక్రం అందింది.  

1942 మొదట్లో మలయా జపాన్ చేతికి పోవడంతో రబ్బరుకు ప్రపంచమంతా కటకట వచ్చింది. ఇక్కడ బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి, టైర్లు అనుమతి మీద తప్ప దొరకలేదు. పాత టైరును పారేయకూడదన్న సంగతి మోటారు లోకానికి అప్పుడు బాగా ఒంటబట్టింది. నెల్లూరు తీరపు లారీ వ్యాపారం తర్వాతి నలభై యాభై ఏళ్లూ ఆ సూత్రం మీదే నడిచింది.

ఆ వ్యాపారానికి కావలసిన సరుకు దగ్గర్లోనే తయారైంది. మద్రాసు ఉత్తర అంచున తిరువొత్తియూర్‌లో కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్లై 1946లో పిల్లల బెలూన్లు చేసే చిన్న షెడ్డు పెట్టాడు. 1952లో ఆయన ట్రెడ్ రబ్బరులోకి దిగాడు. అంటే అరిగిన టైరు మీద కొత్తగా అతికే పై పొర. 1961లో అమెరికాలోని మ్యాన్స్‌ఫీల్డ్ కంపెనీ సాంకేతిక సాయంతో అక్కడే టైర్ల ఫ్యాక్టరీ వచ్చింది. అదే ఎంఆర్‌ఎఫ్, అంటే మద్రాస్ రబ్బర్ ఫ్యాక్టరీ. దేశంలో అతి పెద్ద టైర్ల కంపెనీల్లో ఒకటి టైర్ల వ్యాపారంలోకి కొత్త టైరుతో కాకుండా పాత టైరు మరమ్మతు సరుకుతో దిగడం యాదృచ్ఛికం అనుకోలేం. అప్పటి గిరాకీ అది.

లారీ వాళ్ల భాషలో టైరు మీది గాళ్లు, గట్లు కలిసి ‘బటన్’. బటన్ అరిగితే ‘రీబటన్’ కొట్టిస్తారు. ముందుగా అరిగిన పై పొరను గరుకు చక్రం మీద చెక్కేస్తారు. షెడ్డంతా నల్లటి రబ్బరు పొట్టు, మాడు వాసన. లోపల దారాల పొర దెబ్బతిందేమో వేళ్లతో తడిమి, దీపం వేసి చూస్తారు. ఈ చూపులోనే పనివాడి నేర్పంతా ఉంది. కనపడని చీలిక ఒక్కటి మిగిలినా టైరు దారిలో పేలుతుంది. తర్వాత ద్రావణం పూసి, మెత్తటి జిగురు రబ్బరు చుట్టి, కొత్త బటన్ పట్టీ అతికి, వేడిలో ఒత్తిడి పెట్టి ఉడికిస్తారు. కొత్త టైర్లు ఎప్పుడూ ముందు ఇరుసుకు, రీబటన్‌వి వెనక జంట చక్రాలకు. ముందు టైరు పేలితే స్టీరింగు చేయి దాటిపోతుంది, వెనక పేలితే పక్కది మోస్తుంది. లారీ ఆగినప్పుడల్లా క్లీనరు ఇనప కడ్డీతో ఒక్కో టైరునూ తట్టి చప్పుడు వినేవాడు. గాలి సరిగా ఉంటే ఖంగున మోగుతుంది, తగ్గితే మొద్దుగా పలుకుతుంది. ఇక్కడ టైరు ధరను కొన్ననాటి బిల్లుతో లెక్కవేయరు. ఎన్ని రీబటన్లు తట్టుకుని ఎన్ని కిలోమీటర్లు నడిచిందో దాన్నిబట్టి లెక్క.

వేగం కోసం టైరు అనే ఆలోచన ఈ తీరపు రోడ్డు మీదికి వచ్చింది మరో దారిలో. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే ట్రంకు రోడ్డు రెడ్ హిల్స్ దాటగానే షోలవరం మీదుగా వెళ్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ విమానాల రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక అది ఖాళీగా పడి ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ కాంక్రీటు మీద రేసులు నడిపి దానికి దేశంలో పేరు తెచ్చింది. 1990లో క్లబ్ ఇరుంగాట్టుకోట్టైలో దాదాపు 3.7 కిలోమీటర్ల సొంత ట్రాక్ కట్టుకునే దాకా దక్షిణాదిలో కారు పందెం అంటే షోలవరమే. విమానం దిగడానికి వేసిన గరుకు కాంక్రీటు టైరును ఆకురాయిలా తినేస్తుంది. అక్కడ మలుపులో ఎవరు నిలబడతారన్నది ఇంజనుతో పాటు టైరు కూడా తేల్చింది. రోడ్డును బాగా పట్టే మెత్త రబ్బరు త్వరగా అరుగుతుంది, ఎక్కువ మన్నే గట్టి రబ్బరు జారుతుంది. లారీ యజమాని యాభై ఏళ్లుగా రెండో దానికే డబ్బు పెట్టాడు. పందెపు కారుకు మొదటిది కావాలి.

అప్పటి మామూలు కార్లకు ఈ తేడా అనవసరం. అంబాసిడర్‌కు 5.90–15, ప్రీమియర్ పద్మినికి 5.20–14. ఇవి క్రాస్‌ప్లై టైర్లు, నైలాన్ దారాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. మలుపులో పక్కగోడ వంగినప్పుడు దానితో పాటు అడుగు కూడా మెలిపడి నేల మీద పట్టు తగ్గుతుంది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా పోతాయి, అడుగు కింద ఉక్కు పట్టీలు ఉంటాయి. పక్కగోడ వంగినా అడుగు చదునుగా నేలను అంటుకునే ఉంటుంది. మిషెలిన్ 1946లో పేటెంట్ తీసుకున్న ఈ నిర్మాణాన్ని భారత్‌లో జేకే టైర్ 1977లో ప్రవేశపెట్టింది. జనంలోకి వచ్చింది మాత్రం 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తర్వాతి కాలంలో. 1990ల్లో జెన్, ఎస్టీమ్ వచ్చాక కుర్రకారు టైర్ల దుకాణాలకు కొత్త కోరిక పట్టుకెళ్లారు. కంపెనీ ఇచ్చిన సన్న టైర్లు తీసేసి వెడల్పువి వేయమని అడిగేవారు.

ఈ మార్పిడి లెక్క తేలిక, తప్పు చేయడం ఇంకా తేలిక. మూడో తరం స్విఫ్ట్ చిన్న రకాలకు 165/80 ఆర్ 14 వచ్చింది. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. లెక్క కడితే మొత్తం చక్రం ఎత్తు 620 మిల్లీమీటర్లు. అదే కారు పై రకానికి ఇచ్చిన 185/65 ఆర్ 15 ఎత్తు 621.5. బలేనో పై రకాలు, ఐ20 ఎన్ లైన్ వేసుకున్న 195/55 ఆర్ 16 కూడా దాదాపు అంతే, 621. రిమ్ము పెరిగినకొద్దీ పక్కగోడ తగ్గింది, చక్రం ఎత్తు మాత్రం అలాగే ఉంది. అందుకే స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, టైరు ఫెండరుకు రాసుకోదు. పాత, కొత్త చక్రాల ఎత్తుల మధ్య తేడా నూటికి మూడు లోపు ఉండాలన్నది దుకాణదారుల వాడుక నియమం. ఇది చూడకుండా అందం కోసం వేసుకున్న పెద్ద చక్రాలు పల్లెరోడ్ల గుంతల్లో రిమ్ములు వంచుకున్నాయి.

2000 దశకం మొదట్లో స్వర్ణ చతుర్భుజి కింద తడ నుంచి నెల్లూరు దాకా రోడ్డు నాలుగు వరుసలైంది. పాత 5వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 16. 2018లో ఇలాంటి రోడ్ల మీద కార్లకు గంటకు 100 కిలోమీటర్ల దాకా కేంద్రం అనుమతి ఇచ్చింది. అంతకుముందు ట్రాక్‌కే పరిమితమైన చర్చ అప్పుడు కుటుంబం కారు దాకా వచ్చింది. టైరు పక్కగోడ మీది అక్షరం ఎంత వేగానికి తట్టుకుంటుందో చెబుతుంది. టి అంటే 190, హెచ్ అంటే 210, వి అంటే 240. నూరు దాటకూడని రోడ్డుకు 210 ఎందుకన్న ప్రశ్న సహజమే. ఆ అక్షరం నిజంగా కొలిచేది వేడిని. వేగంగా తిరిగే టైరు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ లోపల కాగుతుంది. మేలో మనుబోలు, గూడూరు మధ్య తారు మీద కాలు మోపలేం. గాలి తక్కువగా ఉండి, నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను ఉంటే తక్కువ అక్షరం టైరుకు అది కఠిన పరీక్ష. అక్షరం పక్కనున్న అంకె బరువుకు సంబంధించింది. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది.

వాన మరో పరీక్ష. ఈ తీరానికి వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనంలో, తుపాన్లతో వస్తుంది. టైరు కింద నీటి పొర బయటికి పోకపోతే కారు నీటి మీద తేలుతుంది. టైరు ఎంత వెడల్పుగా ఉంటే, గాళ్లు ఎంత అరిగితే అంత తక్కువ వేగంలోనే తేలుతుంది. అందుకే వెడల్పు టైరు అన్ని విధాలా మేలన్న నమ్మకం నవంబరులో నిలవదు. చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ లోతు దగ్గర గాడి లోపల చిన్న దిమ్మలు ఉంటాయి, బటన్ అరిగి వాటి మట్టానికి వస్తే టైరు ఆయుష్షు తీరినట్టే. లారీలో అయితే అక్కడి నుంచి రీబటన్ కథ మొదలయ్యేది. వేగపు కారు టైరుకు ఆ దారి లేదు. పలచటి పక్కగోడ, ఎక్కువ వేడి, ఎక్కువ వేగం పెట్టుకుని పాత ఒంటి మీద కొత్త అడుగు అతికించుకోవడానికి ఎవరూ సాహసించరు. అమెరికా పద్ధతిలో కొన్ని టైర్ల మీద అరుగుదల అంకె వేస్తారు. 200 చుట్టుపక్కల ఉంటే పట్టు కోసం చేసిన మెత్త రబ్బరు, 400 దాటితే దూరం నడిచేది. తక్కువ ధరకు మంచి పట్టు కోరేవాడు సాధారణంగా ఈ రెండింటి నడుమ ఎక్కడో సర్దుకుంటాడు.

చవక అంటే కొంతకాలం చైనా టైర్లే. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని లైసెన్సు కిందికి తేవడంతో ఆ దారి ఇరుకైంది. సరిగ్గా అదే నెలలో శ్రీసిటీ దగ్గర చినపాండూరులో అపోలో టైర్స్ కొత్త ఫ్యాక్టరీ నుంచి మొదటి టైరు బయటికి వచ్చింది. 2018 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఈ ఫ్యాక్టరీ 256 ఎకరాల్లో ఉంది. పెట్టుబడి దాదాపు 3,800 కోట్లు. కంపెనీకి ఇది దేశంలో అయిదోది, ప్రపంచంలో ఏడోది. కార్ల టైర్లు, లారీ రేడియల్‌లు రెండూ ఇక్కడ తయారవుతాయి. రాష్ట్ర సరిహద్దుకు అటువైపు తిరువళ్లూరు జిల్లా తేర్వాయ్ కండిగైలో మిషెలిన్ లారీ రేడియల్‌లు చేస్తోంది. 2009లో అపోలో కొన్న డచ్ కంపెనీ వ్రెడెస్టైన్ పేరుతో 2021లో ఖరీదైన కార్ల టైర్లు దేశంలో అమ్మకానికి వచ్చాయి. 2022లో తడి నేల మీద పట్టు, దొర్లుడు నిరోధం, చప్పుడు విషయంలో కనీస ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటిదాకా పట్టు సంగతి దుకాణదారు మాట మీదే ఆధారపడేది.

కొన్న టైరుకు ఈ తీరం పెట్టే చివరి ఇబ్బంది ఉప్పు. రొయ్యల చెరువుల దారిలో, సముద్రపు గాలిలో తిరిగే కారు రిమ్ము అంచు మెల్లగా తుప్పు పడుతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు గాలి ఆపేది ఆ అంచే. పంచరు లేకుండానే వారం వారం గాలి తగ్గుతుంటే దుకాణదారు టైరు ఊడదీసి అంచును రుద్ది, సీలు పూసి మళ్లీ ఎక్కిస్తాడు. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. నిల్వ సరుకు తగ్గింపు ధరకు అమ్ముతున్నప్పుడు చాలామంది చూడని గడి అది. తక్కువ తిరిగే కారుకు టైరు బటన్ అరగకముందే ఎండకు బీటలు వారుతుంది.

అరిగిన కారు టైరుకు ఎద్దుల బండిలో చోటు లేదు, అది బండికి చాలదు. జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు పడవల పక్కలకు తాళ్లతో కట్టి, రేవు గోడకు, పక్క పడవకు ఒరుసుకోకుండా వేలాడదీస్తారు. మిగతావి పొడికో, నూనె తీసే బట్టీలకో పోతాయి. 2022 జూలై నుంచి వ్యర్థ టైర్ల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీదే పెడుతూ నియమాలు అమల్లో ఉన్నాయి.