మహారాజ్‌కే పొలాల్లో

యుద్ధమంటే తుపాకులు పేల్చడమే అనుకుంటారర్రా మీరు. పదాతి సిపాయికి ముందు నడక, ఆ తర్వాత తవ్వకం. ఎక్కడ ఆగమంటే అక్కడ బెల్చా, గైంతీ, అంటే పారా పికాసూ తీసి మోర్చా గొయ్యి తవ్వాలి. లోపల నిలబడితే గుండెలదాకా మునగాలి. తవ్వడం అయిందనుకునేసరికి ముందుకు పదమంటారు, మళ్ళీ తవ్వకమే. ఎవడూ విసుక్కునేవాడు కాదు. ఫిరంగి గుండ్లు పడేటప్పుడు ఆ గొయ్యే దిక్కు.

మన మాధవరం నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారు. ఏ ఇంట్లో చూసినా పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన ఇనప్పెట్టె. అలాంటి ఊళ్ళో పుట్టిన నాకు మిలట్రీలో చేరమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. 1962లో చైనా మీద పడ్డాక పల్టన్లు పెంచారు, నేనూ వెళ్ళాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉంటుంది మద్రాస్ రెజిమెంట్ సెంటరు. ఎండలో పెరిగిన ఒళ్ళేమో, తెల్లారగట్ల ఆ మంచులో పీటీకి నిలబెడితే దవడలు కొట్టుకునేవి. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, మనం. అందరికీ ఆర్డర్లు మాత్రం హిందూస్తానీలో.

1965 సెప్టెంబరు 7 రాత్రి మా 4వ మద్రాస్ పల్టన్ సియాల్‌కోట్ వైపు పాకిస్తాన్ సరిహద్దు దాటింది. వీపున పిట్టూ, చేతిలో త్రీనాట్‌త్రీ రైఫిలు, భుజాన 50 తూటాల బాండోలియర్. చెరుకు తోటలు, వరి మళ్ళు, కింద బురద. మాట్లాడకూడదు, బీడీ వెలిగించకూడదు. మహారాజ్‌కే ఊరి మీద పడేటప్పుడు మాత్రం ‘వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు’ అని అందరం ఒక్కసారి అరిచాం. ఆ తర్వాత జరిగింది వరసగా చెప్పమంటే ఈనాటికీ నావల్ల కాదు. 8వ తేదీకి ఊరు మా చేతికొచ్చింది. మా సీవో లెఫ్టినెంట్ కర్నల్ హెచ్.ఎల్. మెహతా గారు ఆ యుద్ధంలోనే పోయారు. మహావీర చక్ర ఇచ్చారు ఆయనకి.

ఊళ్ళో మనిషన్నవాడు లేడు. పొయ్యి మీద కుండలు పెట్టినవి పెట్టినట్టే వదిలేసి పోయారు. గేదెలు మాత్రం కట్టుకొయ్యల దగ్గరే ఉన్నాయి. పాలు తీసేవాళ్ళు లేక పొదుగులు గట్టిపడి ఒకటే అరుపు. మాలో నలుగురైదుగురం రైతుబిడ్డలం, వినలేకపోయాం. సుబేదార్ సాబ్‌ని అడిగి, రైఫిలు పక్కనున్నవాడి చేతికిచ్చి, గొంతుక్కూర్చుని పిండాం. నేను పిండబోయిన గేదె ముందు చెయ్యి వెయ్యనిచ్చింది కాదు. మన భాషలోనే బుజ్జగించాను. కాసేపటికి కాళ్ళు కదపడం మానేసింది. తర్వాత పలుపులన్నీ విప్పేసి మేతకి వదిలేశాం. శత్రువు గేదె అని ఎవడికీ అనిపించలేదురా.

అక్కణ్ణుంచి రోజూ గుండ్ల వానే. నా జోడీ పాలకొల్లు వైపు కుర్రాడు. ఇద్దరిదీ ఒకే మోర్చా. లంగరు, అంటే పల్టన్ వంటశాల, వెనకెక్కడో ఉండిపోయేది, మాకు చేరేవి చల్లారిన పూరీలూ శక్కర్‌పారాలూ. అన్నం తిని ఎన్నాళ్ళయిందిరా అని వాడు రోజూ అనేవాడు. ఓ సాయంత్రం ఎలా తెచ్చారో గానీ వేడన్నం, పప్పు వచ్చాయి. కడుపునిండా తిన్నాడు. ఆ రాత్రే మోర్చా అంచున గుండు పడింది. వాడు పోయాడు. నాకు చెవి పోయింది, అందుకే మీరు ఈ పక్కన కూర్చుంటే వినపడదు.

సెప్టెంబరు 23 తెల్లవారుజామున మూడున్నరకి కాల్పులు ఆపారు. తాష్కెంట్ ఒప్పందం తర్వాత, 1966 ఫిబ్రవరిలో, పట్టుకున్న ఊళ్ళన్నీ తిరిగిచ్చేశాం.

సెలవు దొరగ్గానే ఆ పాలకొల్లు వైపు కుర్రాడి ఊరెళ్ళాను. వాళ్ళమ్మ నన్ను చాప మీద కూర్చోబెట్టి, ఎలా పోయాడని అడగలేదు. “ఆ పూట అన్నం తిన్నాడా బాబూ?” అంది. తిన్నాడమ్మా, పప్పన్నం తిన్నాడు, రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు అన్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ, సెలవుకొస్తే రైలు దిగి ముందు వాళ్ళింటికే వెళ్ళేవాణ్ణి, మర్నాడు మనింటికి. మీ నాయనమ్మ ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.