ఈకబంతుల అలన్ రాబర్ట్‌సన్

కలకత్తా చేరువనున్న డమ్‌డమ్‌లో 1829లో గోల్ఫ్ క్లబ్బు వెలసెను. బ్రిటిష్ ద్వీపములకు వెలుపల నేటికిని నిలిచియున్న గోల్ఫ్ క్లబ్బులలో ఇదియే ప్రాచీనము. అప్పటికి స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో అలన్ రాబర్ట్‌సన్ ఇంకను బాలుడు. గోల్ఫును వృత్తిగా చేసికొన్న తొలివానిగా చరిత్రకారులు ఇతనినే పేర్కొందురు. తండ్రియు బంతులు చేయువాడే. కలకత్తా క్లబ్బు మైదానము చూచు ఉద్యోగి కుమారుడు చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచిన సంగతి ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆటకంటె బంతుల పనియే రాబర్ట్‌సన్‌కు అన్నము పెట్టినది. టోపీనిండుగ ఈకలు తీసికొని, ఉడికించి, చిన్న తోలుసంచిలో కూరి కుట్టవలెను. నేర్పరియు దినమునకు మూడు నాలుగుకంటె చేయలేడు. ఐనను 1844లో అతని దుకాణమునుండి 2,456 బంతులు వెలువడినవి.

1848 ప్రాంతమున గట్టాపెర్చా బంతి వచ్చెను. మలయా అడవులలోని చెట్టుపాలు గడ్డకట్టగా ఏర్పడు పదార్థమది. హిందూదేశమునుండి పోయిన విష్ణువిగ్రహమునకు చుట్టివచ్చిన గట్టాపెర్చాతోనే తొలి బంతి చేసిరని ఒక కథ కలదు. నమ్ముట నమ్మకపోవుట పాఠకుల ఇష్టము. బంతి మాత్రము చవుక, తడిసి చెడదు. తన శిష్యుడు టామ్ మారిస్ దానితో ఆడుట రాబర్ట్‌సన్ సహింపలేక కలహించెను. మారిస్ 1851లో ప్రెస్ట్‌విక్ చేరెను. చేతిపని పోవుచున్నవాని కోపమును నేను తప్పుపట్టజాలను. కొంతకాలమునకు అతడును ఆ బంతులనే చేయసాగెను.

1858లో సెంట్ ఆండ్రూస్ మైదానమును 79 దెబ్బలలో ముగించెను. అచ్చట ఎనుబదికి లోపల ముగించిన తొలివాడితడే. మరుసటి యేడు కామెర్లతో మరణించెను. ఇక మేటి యెవరో తేల్చుటకు 1860లో ప్రెస్ట్‌విక్‌లో తొలి ఓపెన్ పోటీ జరిగెను. అందు మారిస్‌కు దక్కినది రెండవ స్థానము.