కాగితాలు కాలిపోయినా పూర్వీకులు దొరికారు: ఐర్లండ్ చెప్పే పాఠం

మన పిల్లల్లో చాలామంది తాత పేరు చెబుతారు, ముత్తాత పేరు దగ్గర ఆగిపోతారు. రాసిన కాగితం లేదు కాబట్టి మనకు చరిత్రే లేదనుకునేవాళ్లూ ఉన్నారు. అలా అనుకునే ముందు ఐర్లండ్ ప్రజల అనుభవం ఒకసారి చూద్దాం.

1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు సోకి మహా కరువు వచ్చింది. 1852 నాటికి సుమారు 10 లక్షల మంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమంది ఓడలెక్కి అమెరికా, కెనడా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. వాళ్ల మునిమనవలు ఇప్పుడు తమ మూలాలు వెతుక్కుంటున్నారు. కానీ 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం పేలుడుకు, మంటలకు నాశనమైంది. 1821 నుంచి 1851 దాకా రాసిన నాలుగు జనాభా లెక్కల్లో చాలా భాగం బూడిదైంది. ఆ తర్వాతి నాలుగింటి కాగితాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలే.

అయినా దారులున్నాయి. మొదటిది చర్చి పుస్తకం. ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలు సగానికి పైగా ఆ మంటల్లో పోయాయి. కాథలిక్ చర్చి పుస్తకాలు మాత్రం ఊళ్లలోని చర్చిల్లోనే ఉండటంతో బతికాయి. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో వాటి ప్రతులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వాటిలో చాలా పేర్లు లాటిన్‌లో ఉంటాయి. జేమ్స్ అక్కడ జాకోబస్ అవుతాడు. బిడ్డ బాప్టిజానికి నిలిచిన జ్ఞానతల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. వాళ్లు తరచుగా దగ్గరి చుట్టాలే కాబట్టి ఆ పేర్లతో బంధుత్వం పట్టుకోవచ్చు.

రెండోది ప్రభుత్వ నమోదు. 1845లో కాథలిక్కులు కానివారి పెళ్లిళ్లతో మొదలై, 1864 జనవరి 1 నుంచి అందరి జననం, మరణం, పెళ్లి నమోదయ్యాయి. జనన పత్రంలో తల్లి పుట్టింటి పేరు, పెళ్లి పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. మూడోది 1847–1864 మధ్య తయారైన గ్రిఫిత్ భూమి విలువ లెక్క. ఏ పల్లెలో ఏ రైతు ఎవరి భూమి కౌలుకు చేశాడో అందులో ఉంది. అయితే ఆ దేశంలో 60 వేలకు పైగా చిన్న పల్లె విభాగాలున్నాయి. ఇంట్లో పెద్దలు చెప్పిన ఊరి పేరు లేకపోతే వెతుకులాట ముందుకు సాగడం కష్టం.

కాగితం చెప్పిందంతా నిజం కాదు కూడా. గుమాస్తాలు ఐరిష్ పేర్లను తమకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాశారు. కమ్మరి అని అర్థమిచ్చే ఇంటిపేరు కొన్నిచోట్ల స్మిత్‌గా మారిపోయింది. 1909 నుంచి 70 ఏళ్లు నిండిన పేదలకు పింఛను వచ్చింది. 1864కు ముందు పుట్టిన చాలామందికి ప్రభుత్వ జనన పత్రం లేదు. అందుకే వాళ్ల వయసు తేల్చడానికి 1841, 1851 జనాభా లెక్కల్లో వెతికించారు. అసలు పుస్తకాలు కాలిపోయినా ఆ వెతికిన చీటీలు మిగిలి, నేడు ఎందరికో ఆధారమయ్యాయి.

మన పేర్లను, గూడేల పేర్లను కూడా బయటివాళ్లు తమకు తోచినట్టు రాసిన సంగతి మనకు తెలుసు. ఒక అక్షరం తేడా వస్తే కుల ధ్రువపత్రం దగ్గర ఎంత తిప్పుతారో కూడా తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు, హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పి రాయించిన మాటను కూడా సాక్ష్యంగా గుర్తించాయి. అంటే మన అవ్వాతాతల జ్ఞాపకానికి చట్టంలోనే చోటుంది.

కాబట్టి యువతీ యువకులారా, ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు తెరవండి. ఇంటిపేరు, గోత్రం, పాత గూడెం ఎక్కడుండేది, అవ్వ పుట్టిల్లు ఏది, పెళ్లికి పెద్దలుగా ఎవరు నిలిచారు – ఇవన్నీ పెద్దలు పలికినట్టే రాయండి. చెప్పినవారి పేరు, తేదీ వేయండి. ఆ తర్వాత బడి రిజిస్టరుతో, భూమి కాగితంతో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే పెద్దల మాట కొట్టేయకుండా రెండూ పక్కపక్కన ఉంచండి. కాగితం కోసం తర్వాతైనా వెతకవచ్చు. చెప్పే పెద్దలు ఉన్నప్పుడే అడగాలి.