పొలానికి రాకుండానే పైరు సంగతి ఎలా తెలుస్తుంది?



మన బడి పిల్లల్లో చాలామందికి రెండు ఊళ్ళు. అద్దె ఇల్లు కాడుగోడిలో, భూమి అనంతపురం వైపో, మదనపల్లె వైపో, ముళబాగిలు వైపో. జూన్ వచ్చిందంటే ఫోన్లో మొదటి మాట "వాన పడిందా?" అనే. విత్తనం వేసే వారం, చెనక్కాయలు పీకే వారం మా హాజరు పట్టీలోనూ ఖాళీలు కనిపిస్తాయి. ఊళ్ళో పంట పోయిన ఏడాది ముందుగా ఆగేది పెద్దపిల్లల చదువే. ఇది నేను చాలా ఏళ్ళుగా చూస్తున్న సంగతి.

తొమ్మిదో తరగతి పిల్లలు ఈమధ్య ఒక ప్రశ్న అడిగారు: "సార్, మా ఊరికి ఎవరూ రాలేదు. కరువు అని ఎలా తేల్చారు?" దానికి జవాబే ఈ వ్యాసం.

మొదలైంది మన నేల మీదే

1970లో కేరళలో కొబ్బరి చెట్లకు వేరుతెగులు సోకింది. ప్రొఫెసర్ పి.ఆర్. పిషారోటి ఆధ్వర్యంలో హెలికాప్టర్ నుంచి ప్రత్యేక ఫిల్ముతో తోటలను ఫోటోలు తీశారు. తెగులు సోకిన చెట్లు ఆ ఫోటోల్లో వేరే రంగులో తేలాయి. తర్వాత 1974-75లో ఇస్రో, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి విమానం నుంచి పంటల సర్వే చేశాయి. అందుకు ఎంచుకున్న జిల్లాలు రెండు: పంజాబులో పటియాలా, ఆంధ్రప్రదేశ్‌లో మన అనంతపురం. ఒకటి నీళ్ళున్న జిల్లా, ఇంకొకటి నీళ్ళకు కటకటలాడే జిల్లా. 1988 మార్చి 17న ఐ.ఆర్.ఎస్.-1ఏ ఉపగ్రహం పైకి వెళ్ళాక, అంతరిక్షం నుంచి చూసే సౌకర్యం మనకు సొంతంగా దొరికింది.

ఆకు చెప్పే లెక్క

ఆకులోని పత్రహరితం కిరణజన్య సంయోగక్రియ కోసం ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. మన కంటికి కనబడని పరారుణ కాంతిని మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఆకు బాగా వెనక్కి కొడుతుంది. ఆకు వాడితే ఈ తేడా తగ్గిపోతుంది. ఉపగ్రహం ఈ రెండు కాంతులనూ విడివిడిగా కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్.డి.వి.ఐ. అనే సూచిక.

పిల్లలూ, ఈ లెక్క మీరే చేయండి. పచ్చటి పైరు నుంచి పరారుణం 50, ఎరుపు 8 వచ్చాయనుకోండి. 42ను 58తో భాగిస్తే 0.72. దుక్కి నేల నుంచి 30, 22 వచ్చాయనుకోండి. 8ని 52తో భాగిస్తే 0.15. అంకె పెరిగేకొద్దీ పచ్చదనం ఎక్కువ అన్నమాట.

ఒక్క అంకె చూసి కరువని చెప్పలేం. విత్తిన కొత్తలో ఏ చేనైనా పలచగానే ఉంటుంది కదా. అందుకని ఈ పక్షం విలువను గత సంవత్సరాల్లో ఇదే పక్షం విలువలతో పోలుస్తారు. అప్పుడే వెనకబాటు బయటపడుతుంది.

ఎక్కడెక్కడ ఏ పని జరుగుతుంది?

ఉపగ్రహాల తయారీ మనకు దగ్గర్లోనే, విమానపురలోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో జరుగుతుంది. ప్రయోగం శ్రీహరికోటలో. పంపిన చిత్రాలను అందుకునేది హైదరాబాదు దాటాక షాద్‌నగర్‌లో ఉన్న జాతీయ దూర సంవేదన కేంద్రం. దేశమంతటి పంటల అంచనాలు వేసేందుకు ఢిల్లీలో 2012 నుంచి మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రం పనిచేస్తోంది.

రిసోర్స్‌శాట్-2 (2011), 2ఏ (2016) ఉపగ్రహాల్లోని ఒక కెమెరా ఒకేసారి 740 కిలోమీటర్ల వెడల్పు చూస్తుంది. కానీ దాని చిత్రంలో ఒక్కో చుక్క 56 మీటర్ల చదరం, అంటే ముప్పాతిక ఎకరం పైమాట. రెండెకరాల చేను అందులో రెండు మూడు చుక్కలే! ఇంకో చిక్కు మబ్బులు. ఖరీఫ్‌లో పైరు ఎదిగే రోజుల్లోనే ఆకాశం మూసుకుంటుంది. అందుకే మబ్బుల్లోంచి కూడా చూడగల రాడార్ ఉపగ్రహాలు వచ్చాయి: 2012లో రిశాట్-1, 2022లో ఈ.ఓ.ఎస్.-04, 2025 జులై 30న అమెరికా సంస్థ నాసాతో కలిసి పంపిన నిసార్.

వాన లెక్క

పచ్చదనం తగ్గేసరికే ఆలస్యం అయిపోతుంది. కాబట్టి కరువు అంచనాలో మొదట చూసేది వాననే. వాతావరణ శాఖ లెక్కలో మామూలు వానకంటే 20 నుంచి 59 శాతం తక్కువైతే 'లోటు', 60 శాతం, ఆపైన తక్కువైతే 'తీవ్ర లోటు'. మొత్తం వాన సరిపోయినా, మధ్యలో వరసగా మూడు నాలుగు వారాలు ఎండగడితే దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. కర్ణాటకలో కరువు పర్యవేక్షణకని 1988లోనే ప్రత్యేక విభాగం పెట్టారు. ఇప్పుడది యలహంకలో రాష్ట్ర ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రంగా ఉంది. గ్రామ పంచాయతీల్లోని వానమాపకాల అంకెలు దానంతటవే అక్కడికి చేరతాయి. 2023లో రాష్ట్రంలోని 236 తాలూకాల్లో 223 కరువు జాబితాకెక్కాయి.

ఉపగ్రహానికి కనబడనివి

వేరుశనగ కాయ ఉండేది మట్టిలో. ఊడలు దిగే దశలో తడి లేకపోతే కాయ పట్టదు. తర్వాత ఒక వాన పడితే ఆకు మళ్ళీ పచ్చబడుతుంది. పైనుంచి చూస్తే చేను బాగున్నట్టే, పీకితే మాత్రం లొట్టలు. బీడులో పెరిగిన వయ్యారిభామ కలుపు కూడా పైనుంచి పచ్చగానే కనిపిస్తుంది. ఇందుకే కేంద్రం 2016లో తెచ్చిన కరువు మార్గదర్శకాలు వాన, పైరు, నేలలో తడి, నీటి వనరులు అన్నీ కలిపి చూసి, ఆపైన కొన్ని ఊళ్ళకు మనిషి వెళ్ళి పొలం చూడాలని చెబుతున్నాయి. కాబట్టి పిల్లల ప్రశ్నకు జవాబు ఇది: అన్ని ఊళ్ళకూ రారు, ఎంచిన ఊళ్ళకు వస్తారు. మీ ఊరు ఆ జాబితాలో లేకపోయి ఉండవచ్చు.

తల్లిదండ్రులు గమనించగలరు

1. మీరు ఏ పంట వేశారో రికార్డులో ఎక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు, కర్ణాటకలో పంట సమీక్ష. చేనులో ఆముదం, రికార్డులో వేరుశనగ ఉంటే తర్వాత తిరగాల్సింది మీరే.
2. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం మించదు. మీ పంట, మీ ఊరు ఈ సీజన్ నోటిఫికేషన్‌లో ఉన్నాయో లేదో గడువుకు ముందే కనుక్కోండి.
3. వడగళ్ళు, ముంపు వంటి నష్టమైతే 72 గంటల్లోగా తెలియజేయాలి. ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు చెబుదాం అనుకుంటే గడువు దాటిపోవచ్చు.
4. కాపు పోయిందని బడి మాన్పించే ముందు ఒక్కసారి నా గదికి రండి. మాట్లాడుకుందాం.

విద్యార్థులకు పని

అంచులు నిలువుగా ఉన్న సీసా పైభాగం కోసి, దాన్నే గరాటులా తలకిందులుగా పెట్టి, పక్కన స్కేలు అతికించండి. అడుగున వంకర ఉంటే స్కేలులో సున్నా దగ్గరికి వచ్చేదాకా నీళ్ళు పోయండి. వాతావరణ శాఖ లాగే రోజూ ఉదయం 8.30కి కొలిచి రాసుకోండి. ఆరోజే ఊరికి ఫోన్ చేసి అవ్వనో తాతనో అడిగి, అక్కడ వాన ఎంత పడిందో, పైరు ఏ దశలో ఉందో పక్క గడిలో రాయండి. ఒక్క మిల్లీమీటరు వాన ఎకరానికి సుమారు 4,047 లీటర్లు. ఎలాగో లెక్క కట్టి చూపించండి.

ఉపగ్రహం చూడలేని మట్టిలోని కాయ సంగతి మీ తాతకు తెలుసు. తాతకు తెలియని ఎన్.డి.వి.ఐ. లెక్క ఇప్పుడు మీకు తెలుసు. ఈ రెండూ ఒకే నోటుపుస్తకంలో ఉండాలని నా కోరిక.

— ప్రధానోపాధ్యాయులు