మూడో వంతు: వసియ్యత్ చరిత్ర నేర్పే పాఠం

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా!

హిజ్రీ 10వ సంవత్సరం. వీడ్కోలు హజ్ సందర్భంగా మహాప్రవక్త (స) వెంట మక్కా చేరిన వారిలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) కూడా ఉన్నారు. ఇస్లాంను తొలినాళ్లలోనే స్వీకరించిన సహచరుడాయన. మక్కాలో ఆయనకు తీవ్రంగా జబ్బు చేసింది. ఇక కోలుకోలేనని ఆయన నిశ్చయించుకున్నారు. అల్లాహ్ కోసం విడిచి వెళ్లిన ఊరిలోనే ప్రాణం పోతుందేమోనన్న దిగులు ఆయనను మరింత కుంగదీసింది.

పరామర్శకు వచ్చిన దైవప్రవక్త (స) ముందు ఆయన తన మనసులోని మాట పెట్టారు. తన దగ్గర ఆస్తి చాలా ఉంది. సంతానమంటే ఒక్క కూతురే. కాబట్టి ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయవచ్చా అని అడిగారు. దైవప్రవక్త (స) వద్దన్నారు. పోనీ సగం? అదీ వద్దన్నారు. మరి మూడో వంతు? దానికి ఒప్పుకున్నారు, కానీ అది కూడా ఎక్కువేనన్నారు. వారసులు ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో మిగలడం కన్నా కలిగినవారుగా మిగలడం మేలని బోధించారు. అల్లాహ్ ప్రసన్నత కోరి పెట్టే ప్రతి ఖర్చుకూ, చివరకు భార్య నోటికి అందించే అన్నం ముద్దకూ పుణ్యం ఉందని తెలియజేశారు.

ఆ తర్వాత జరిగినది గమనించండి. మరణం ఖాయమనుకున్న సఅద్ (రజి) కోలుకున్నారు. ఆ పైన నలభై ఏళ్లకు మించి జీవించారు. ఖలీఫా ఉమర్ (రజి) కాలంలో ఖాదిసియ్యా యుద్ధానికి సేనాధిపత్యం వహించారు. హిజ్రీ 17లో కూఫా నగరాన్ని నెలకొల్పారు. ఒక్క కూతురే ఉన్న ఆ తండ్రికి తర్వాత ఎందరో బిడ్డలు కలిగారు. మనం ఇంతవరకు చెప్పుకున్న సంఘటనను ఆయన నోట విని తర్వాతి తరాలకు చేరవేసిన వారిలో ముఖ్యులు ఆయన కుమారుడు ఆమిర్. తండ్రి మంచం పట్టిన ఆ రోజుకు ఆమిర్ ఇంకా పుట్టనే లేదు! ఏ వారసుల కోసం మూడో వంతు హద్దు గీయబడిందో, వారిలో కొందరు ఆనాటికి ఈ లోకంలోకే రాలేదు. మన ఆయుష్షు ఎంతో, మన తర్వాత ఎవరు మిగులుతారో మనకు తెలియదు. ఆ హద్దు పెట్టినవాడికి తెలుసు.

సోదరులారా! ఈ హద్దుకు ముందూ వెనుకా ఒక క్రమం ఉంది. తల్లిదండ్రుల కోసం, దగ్గరి బంధువుల కోసం వసియ్యత్ చేయాలని తొలుత అల్ బఖరా సూరా 180వ ఆయత్‌లో ఆదేశం వచ్చింది. తర్వాత అన్నిసా సూరా 11, 12 ఆయతుల్లో వారసుల వాటాలు నిర్ణయమయ్యాయి. ఈ రెండు ఆయతుల్లోనే నాలుగుసార్లు, వసియ్యత్‌ను, అప్పును తీర్చిన తర్వాతనే పంపకం అన్న షరతు వస్తుంది. ఆచరణలో అప్పు ముందు, వసియ్యత్ తర్వాత అన్నది పండితుల ఏకాభిప్రాయం. మరి ఆయత్‌లో వసియ్యత్ ప్రస్తావన ముందెందుకు వచ్చింది? వ్యాఖ్యాతలు దీనికి చక్కని కారణం చెప్పారు. అప్పిచ్చినవాడు తానే గుమ్మం ముందుకొచ్చి అడుగుతాడు. వసియ్యత్ సొమ్ము అందవలసిన పేదవాడికి తనకొక హక్కుందన్న సంగతే తెలియకపోవచ్చు. అడిగేవాడు లేని హక్కును మనం మరుగున పడేస్తామని, అల్లాహ్ దానిని ముందుగా గుర్తుచేశాడు.

మూడో వంతు హద్దు మాటవరసకు చెప్పింది కాదు. ఒక అన్సారీ సహచరుడికి ఆరుగురు బానిసలు తప్ప వేరే ఆస్తి లేదు. మరణ సమయంలో ఆయన ఆరుగురినీ విముక్తం చేశారు. బానిసకు విముక్తి కలిగించడం ఎంతటి పుణ్యకార్యమో మనకు తెలుసు. అయినా దైవప్రవక్త (స) చీట్లు వేయించి ఇద్దరి విముక్తినే చెల్లనిచ్చారు. అందుకే మరణ రోగంలో ఇచ్చే దానాలకు కూడా ధర్మశాస్త్రం వసియ్యత్ హద్దునే వర్తింపజేసింది. ఆస్తంతా మస్జిద్‌కు రాసి ఆడపిల్లలను వట్టిచేతులతో పంపితే అది దానం అనిపించుకోదు. అల్లాహ్ పేరు చెప్పి, అల్లాహ్ నిర్ణయించిన హక్కును కాజేయడమే అవుతుంది.

అయితే రెండో వైపు పొరపాటు మనలో ఇంతకన్నా ఎక్కువ. హద్దు దాటి ఇచ్చేవారు కొందరే. ఏమీ రాయకుండా వెళ్లిపోయేవారే అధికం. రాయవలసినది ఉన్న ముస్లిం రెండు రాత్రులైనా వసియ్యత్ రాసి పెట్టుకోకుండా గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ మాట విన్ననాటి నుంచి తాను ఒక్క రాత్రి కూడా అలా గడపలేదని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) చెప్పుకున్నారు. ఆయన తండ్రి హజ్రత్ ఉమర్ (రజి) తమకు ఖైబర్‌లో దక్కిన భూమిని అమ్మరాదు, దానమివ్వరాదు, వారసత్వంగా పంచరాదు అన్న షరతులతో పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు, బానిసల విముక్తికి వక్ఫ్ చేశారు. ఖలీఫాగా ఉండగా ఆ పత్రాన్ని సాక్షితో సహా రాయించారు. తమ తర్వాత దాని నిర్వహణ బాధ్యతను కుమార్తె హఫ్సా (రజి)కు అప్పగించారు. ఆమె తర్వాత కుటుంబంలో వివేకవంతులైన వారికి అని పేర్కొన్నారు. ఏం ఇస్తున్నారు, ఎవరికి ఇస్తున్నారు, ఎవరు చూసుకోవాలి అన్న మూడూ అందులో ఉన్నాయి.

ఆ మూడోదాని విలువ ఎంతో మన దేశ చరిత్ర కూడా చెబుతుంది. బెంగాల్‌లోని హుగ్లీలో హాజీ ముహమ్మద్ మొహ్సిన్ అనే దాత ఉండేవారు. ఆయనకు భార్యాపిల్లలు లేరు. సోదరి ద్వారా సంక్రమించిన పెద్ద ఎస్టేటును 1806లో ధార్మిక కార్యాలకు వక్ఫ్ చేసి, 1812లో కన్నుమూశారు. ఆయన తర్వాత ముతవల్లీలపై నిధుల దుర్వినియోగం ఆరోపణలు వచ్చాయి. నిర్వహణ ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. చివరకు ఆ నిధులతోనే 1836లో హుగ్లీ కాలేజీ వెలిసింది. దాత సంకల్పం వృథా కాలేదు, కానీ నడుమ ఎన్నో ఏళ్లు కోర్టుల పాలయ్యాయి. దాత మనసు ఎంత మంచిదైనా, అమానతును మోసే చేతులు సరైనవి కాకపోతే ఇలా జరుగుతుంది.

కాబట్టి సోదరులారా, మన లెక్క మనం చూసుకుందాం. మరణించిన వ్యక్తి విడిచిన ఆస్తి 12 లక్షలు అనుకుందాం. ముందుగా కఫన్ దఫన్ ఖర్చులు, ఆ తర్వాత అప్పులు. భార్యకు చెల్లించని మెహర్ కూడా అప్పే. వీటికి 3 లక్షలు పోతే మిగిలేది 9 లక్షలు. అందులో వసియ్యత్‌కు గరిష్ఠ హద్దు 3 లక్షలు. మిగిలిన 6 లక్షలు వారసుల హక్కు. అంతకు మించి రాస్తే, ఆయన మరణానంతరం వారసులు సమ్మతిస్తేనే చెల్లుతుంది. వారసులు పేదవారైతే హద్దు వరకూ వెళ్లనవసరం లేదు. మూడో వంతు కంటే నాలుగో వంతుకు దిగితే బాగుండునని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అభిప్రాయపడ్డారు.

ఆస్తి లేనివారికి వసియ్యత్‌తో పని లేదనుకోవద్దు. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో, ఎవరి వస్తువు మన దగ్గర ఉందో రాసి పెట్టడం కూడా వసియ్యత్‌లో భాగమే. ఏమీ చెప్పకుండా హఠాత్తుగా వెళ్లిపోయిన తల్లిదండ్రుల బిడ్డలకూ దారి మూసుకుపోలేదు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఊళ్లో లేనప్పుడు ఆయన తల్లి మరణించారు. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు మేలు కలుగుతుందా అని ఆయన అడిగారు. కలుగుతుందని దైవప్రవక్త (స) చెప్పారు. వెంటనే ఆయన తమ తోటను ఆమె పేరిట దానం చేశారు.

ఈ జుమా నుంచి ఇంటికి వెళ్లాక ఒక కాగితం తీసుకుందాం. బాకీలు రాద్దాం. అనాథకో, విద్యార్థికో, వారసత్వంలో వాటా రాని నిరుపేద బంధువుకో ఇవ్వదలచినది హద్దు లోపల రాద్దాం. నమ్మకమైన వారిని బాధ్యులుగా పేర్కొని, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుందాం. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో వారికి చెబుదాం.

అల్లాహ్ మనకు మన హక్కుదారులందరి హక్కులూ తీర్చి వెళ్లే భాగ్యాన్ని ప్రసాదించుగాక! మన తర్వాత కూడా ఆగని పుణ్యాన్ని మన కర్మల చిట్టాలో చేర్చుగాక! ఆమీన్.