ఆవిరిని పసిగట్టే పొర

ట్రాన్సిస్టర్ పుట్టిన తొలి రోజుల్లో తయారీదారులకు గాలి, తేమ పెద్ద తలనొప్పి. చుట్టూ ఉన్న వాయువు మారితే జెర్మేనియం ఉపరితలపు విద్యుత్ లక్షణాలూ మారుతున్నాయని 1953లో అమెరికాలో శాస్త్రవేత్తలు బ్రాటేన్, బార్డీన్ చూపించారు. అక్కడ వదిలించుకోవలసిన ఈ బెడదను పనిముట్టుగా మలచుకున్నది జపాన్.

1962లో క్యూషూ విశ్వవిద్యాలయంలో తెత్సురో సెయియామా, ఆయన సహచరులు జింక్ ఆక్సైడ్‌ను పలుచటి పొరగా చేసి, 400 డిగ్రీలు దాటేలా వేడిచేసి, దాని మీదుగా టోలీన్, ఆల్కహాల్ లాంటి ఆవిర్లు పంపారు. పొరలో కరెంటు పెరిగింది. ఆవిరి వెళ్లిపోగానే తగ్గింది.

కిటుకంతా ఆక్సిజన్‌ది. గాలిలోని ఆక్సిజన్ వేడి ఆక్సైడ్ మీద చేరి, అందులోని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. కరెంటుకు దారి ఇరుకవుతుంది. సేంద్రియ ఆవిరి వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసి మండితే ఎలక్ట్రాన్లు మళ్లీ విడుదలవుతాయి. ఇదంతా జరిగేది పైపైన, కొద్ది నానోమీటర్ల లోతులోనే. పొర మందమైతే పైన ఏం జరిగినా అడుగున కరెంటు తన దారిన తాను పోతుంది. పలుచదనం అందుకే.

సెయియామా తన పొరను ఉద్దేశించింది గ్యాస్ క్రోమటోగ్రఫీ పరికరానికి. అందులో ఏ ఆవిరికా ఆవిరిని గొట్టమే ముందుగా విడదీసి పంపుతుంది. పొర 'ఏదో వచ్చింది' అంటే చాలు. అదే ఏడాది నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్ సెన్సరుకు పేటెంటు కోరారు. ఆయన దిగులు ఇళ్లలో లీకై పేలుతున్న గ్యాసు గురించి. 1968కల్లా ఆ సెన్సర్లు (ఇవి పొరలు కావు, కాల్చి గట్టిపరచిన ముద్దలు) బజారుకొచ్చాయి. మరుసటి ఏడాది ఒసాకా ప్రాంతంలో వాటిని తయారుచేసే ఫిగారో కంపెనీ వెలసింది.

వంటింట్లో విడదీసే గొట్టమేదీ? గ్యాసైనా సెంటైనా సెన్సరుకు ఒకటే. పల్లాడియం, ప్లాటినం చేర్చి కొంత దారికి తెచ్చారు గానీ తేమ బెడద పోలేదు. 1982లో వార్విక్ విశ్వవిద్యాలయంలో పెర్సాడ్, డాడ్ వేరే ఎత్తు వేశారు. దేనికదే తేల్చలేని మూడు సెన్సర్లను కలిపి, వాటి స్పందనల పొందికను బట్టి వాసనలను వేరుచేసే 'ఎలక్ట్రానిక్ ముక్కు' తయారుచేశారు. నా లెక్కలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పని అదే.

మన ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల్లో పెట్టే ఎంక్యూ-3 అనే ఆల్కహాల్ సెన్సరులో ఉన్నదీ టిన్ ఆక్సైడే. డెమో రోజున శానిటైజర్ రాసుకున్న చేతులు దాని దగ్గరికి పోనివ్వకండి, తాగొచ్చారంటుంది.