సాక్ష్యమును చదువుట నేర్పు బడులు

స్విట్జర్లండు దేశమున లెమాన్ సరస్సు ఒడ్డున లొసాన్ అను పట్టణము కలదు. ఆ పట్టణపు విశ్వవిద్యాలయములో 1909వ సంవత్సరమున ఒక చిత్రమైన విద్యాలయము వెలసెను. దొంగతనములు, హత్యలు, దొంగనోట్లు, కూటపత్రములు అచటి పాఠ్యవిషయములు. ప్రపంచమున నేరపరిశోధనను విశ్వవిద్యాలయ విద్యగా బోధించిన మొట్టమొదటి పాఠశాలగా దానికి పేరు. దానిని స్థాపించినవాడు పోలీసు అధికారి కాడు, న్యాయవాదియు కాడు. రసాయనశాస్త్రము చదివి, ఛాయాగ్రహణమునందు మక్కువ పెంచుకొన్న ఆచార్యుడు. అతని పేరు రొడాల్ఫ్ ఆర్చిబాల్డ్ రైస్.

రైస్ 1875లో జర్మనీలోని బాడెన్ ప్రాంతమున జన్మించెను. చదువు కొరకు లొసాన్ చేరి, ఇరువది రెండేండ్ల ప్రాయముననే డాక్టరు పట్టము పొందెను. విశ్వవిద్యాలయమున ఛాయాచిత్రశాల అతని చేతికి వచ్చెను. ఆ రోజులలో ఫోటో పలకలు నీలి కాంతికి త్వరగా స్పందించెడివి. ఎరుపునకు దాదాపు స్పందించెడివి కావు. అందువలన మన కంటికి ఒకే నలుపుగా కనబడు రెండు సిరాలు పలకమీద వేరువేరుగా కనబడుట కలదు. చెక్కుమీద ఎవరో తరువాత చేర్చిన ఒక సున్న ఈ విధముగా బయటపడవచ్చును. కంటికి కనబడనిదానిని కెమేరా చూపగలదని గ్రహించిన రైస్, 1903లో న్యాయస్థానములకు ఉపయోగపడు ఛాయాగ్రహణమును గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1911లో దొంగతనములు, హత్యల పరిశోధనపై మరియొక గ్రంథము వెలువరించెను.

అయితే రైస్ కోరినది కేవలము మంచి ఫోటోలు కాదు. నేరస్థలమును ఎవరైన తాకకముందే, కదపకముందే చిత్రించవలెను. కొలబద్దను ప్రక్కన ఉంచి చిత్రించవలెను. ఎవరు, ఎప్పుడు, ఎట్లు తీసినదియు వ్రాసి ఉంచవలెను. నేరము జరిగిన గది మరునాటికి ఊడ్చి కడుగబడును. న్యాయాధిపతి చూచునది ఫోటోనే. కనుక ఆ ఫోటో గదికి నమ్మదగిన ప్రతి అయి ఉండవలెను. ఇదియే ఆ బడిలో మొదటి పాఠము. నూరేండ్ల తరువాత కంప్యూటరు సాక్ష్యమును బోధించు కేంద్రములకు గూడ మొదటి పాఠము ఇదియే అగుట గమనింపదగినది.

పోలీసు ఠాణాలో నేర్పరాదా, విశ్వవిద్యాలయమెందుకు అని అడుగవచ్చును. ఠాణాలో పనిచేయువానికి ముద్దాయి ఎవరో తేల్చవలెనను తొందర సహజము. ప్రయోగశాలలో ఒక ఫలితము వచ్చినచో, మరియొకరు అదే పనిని మరల చేసి అదే ఫలితమును పొందగలరా అని అడుగుట ఆచారము. ఈ రెండవ అలవాటును మొదటివారికి పట్టించుటయే రైస్ ఉద్దేశ్యము. ఫ్రాన్సులో లియోన్ పట్టణమున 1910లో పోలీసు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ కూడ రైస్ పద్ధతులను నేర్చినవాడే. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సెర్బియా ప్రభుత్వపు ఆహ్వానముపై రైస్ అచటికి వెళ్లి, పౌరులపై జరిగిన అత్యాచారములను అదే పద్ధతిలో నమోదు చేసెను. ఆ దేశముననే స్థిరపడి 1929లో బెల్‌గ్రేడులో మరణించెను. లొసాన్ బడిని 1919 నుండి నాలుగు దశాబ్దములకు పైగా మార్క్ బిషోఫ్ నడిపెను.

మన దేశమునకు ఈ విద్యలో పాత పరిచయము కలదు. వేలిముద్రల కార్యాలయము కలకత్తాలో 1897లోనే ఏర్పడెను. అయినను ఇది విశ్వవిద్యాలయ విద్య అగుటకు చాల కాలము పట్టెను. మధ్యప్రదేశములోని సాగరు విశ్వవిద్యాలయమున 1959లో నేరశాస్త్రమునకు, న్యాయవిజ్ఞానమునకు ఒక శాఖ ఏర్పడెను.

ఇక కంప్యూటరు సంగతి. 1984లో అమెరికా ఎఫ్.బి.ఐ. సంస్థ అయస్కాంత ఫలకములను, టేపులను పరిశీలించుటకు ఒక చిన్న విభాగమును ఆరంభించెను. ఈ పనికి వచ్చినవారిలో కంప్యూటరుపై మోజుగల పోలీసు ఉద్యోగులు చాలమంది ఉండిరి. వారు సమర్థులే కావచ్చును. కాని స్వయముగా నేర్చిన విద్యను పరీక్షించుటకు ఎవరునూ లేరు. దాని ఫలితము ఒక ఉపాధ్యాయురాలి జీవితముపై పడెను.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమున నార్విచ్ అను ఊరు కలదు. 2004 అక్టోబరులో అచటి ఒక పాఠశాలలో సెలవుపెట్టిన అయ్యవారికి బదులు వచ్చిన ఒక ఉపాధ్యాయురాలి తరగతిలో, కంప్యూటరు తెరపై అశ్లీల చిత్రములు వరుసగా తెరచుకొనెను. పిల్లలు చూచిరి. ఆమెపై నేరము మోపిరి. పోలీసు పరిశోధకుడు వాడిన సాఫ్టువేరు ఆ చిత్రముల చిరునామాలు యంత్రములో ఉన్నవని చెప్పగలిగెనే గాని, వాటిని మనిషి తెరచెనా, లేక అవి తమంత తామే తెరచుకొనెనా అన్నది చెప్పలేకపోయెను. ఆ కంప్యూటరులోని వైరసు నివారణ సాఫ్టువేరు అప్పటికే పాతబడి ఉండెను. 2007 జనవరిలో జూరీ ఆమెను దోషిగా నిర్ణయించెను. నలుబది ఏండ్ల వరకు శిక్ష పడుటకు వీలుండెను. అప్పుడు కంప్యూటరు నిపుణులు కొందరు స్వచ్ఛందముగా ముందుకు వచ్చి, ఆ ఫలకమును మరల పరిశీలించి, ఇది చొరబడిన దుష్ట సాఫ్టువేరు పని అని చూపిరి. అదే సంవత్సరము జూనులో తీర్పు రద్దయ్యెను. 2008 నవంబరులో ఆమె ఒక చిన్న నేరమును ఒప్పుకొని, 100 డాలర్ల జుల్మానా చెల్లించి, ఉపాధ్యాయ అర్హతను వదలుకొనెను. చెరసాల తప్పినది గాని బడి తప్పలేదని ఎవరు అనగలరు?

ఇట్టి పొరపాట్లు జరుగకుండ ఏమి నేర్పవలెను? ఐర్లండులో యూనివర్సిటీ కాలేజి డబ్లిన్ 2006లో సైబరు నేరపరిశోధనకు ఒక కేంద్రమును ప్రారంభించెను. వివిధ దేశముల పోలీసులకు అచట శిక్షణ లభించెను. పోలీసు పరిశోధకులకు మాత్రమే ప్రవేశముండు ఒక ఎం.ఎస్‌సి. కోర్సును గూడ నడిపిరి. రైస్ చేసిన పనియే ఇది, పలక మాత్రము మారినది.

మొదటి పాఠము ప్రతి తీయుట. కంప్యూటరును ఊరక తెరచినంత మాత్రముననే అందలి అనేక ఫైళ్ల తేదీలు మారిపోవును. కనుక హార్డుడిస్కును వేరుచేసి, చదువుటకు వీలిచ్చి వ్రాయుటను అడ్డగించు ఒక పరికరము ద్వారా కలిపి, మొదటి బిట్టు నుండి చివరి బిట్టు వరకు ప్రతి తీయుదురు. తుడిచివేసిన ఫైళ్లు కూడ ఆ ప్రతిలోనికి వచ్చును. సాధారణముగ ఫైలును తుడిచినప్పుడు పోవునది విషయసూచికలోని పంక్తియే. పుస్తకములోని పుట అక్కడనే ఉండును, దానిపై మరియొకటి వ్రాయువరకు.

ఇక ప్రతి అసలునకు సరిపోయినదని రుజువేమి? గుణకారమును తొమ్మిదులు తీసివేసి సరిచూచుట మన పాత పంతుళ్లకు తెలిసినదే. 4731లోని అంకెల మొత్తము 15, దానినుండి 6. కాని ఎవరైన తారుమారుగా 4371 అని వ్రాసినను 6 వచ్చును! తప్పు పట్టుబడదు. హాష్ అను గణిత ప్రక్రియ ఈ తొమ్మిదుల లెక్కకు మిక్కిలి కట్టుదిట్టమైన తోబుట్టువు. ఎస్.హెచ్.ఏ.-256 అను పద్ధతిలో ఫలకమంతటికిని 256 బిట్ల విలువ ఒకటి వచ్చును. 64 అక్షరములలో దానిని వ్రాయుదురు. లక్షల పుటలలో ఒక్క కామా మార్చినను ఆ విలువలోని బిట్లలో ఇంచుమించు సగము మారిపోవును. అసలు విలువయు, ప్రతి విలువయు ఒకటే అయినచో రెండును ఒకటే అని నమ్మవచ్చును.

ఇక్కడను జాగ్రత్త అవసరమే. 1990ల నుండి విరివిగా వాడిన ఎం.డి.5 అను పద్ధతిలో ఒకే విలువగల రెండు వేరు పత్రములను కావలెనని తయారుచేయవచ్చునని 2004లో చైనా శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావోయున్ బృందము చూపెను. 2017లో ఎస్.హెచ్.ఏ.-1కు కూడ అదే గతి పట్టెను. దీనివలన పాత కేసులన్నియు చెడిపోయినట్లు కాదు. ముందే ఉన్న పత్రమునకు సరిపోవు దొంగపత్రమును సృష్టించుట వేరు, అంతకంటె ఎంతో కష్టము. ఈ భేదమును బోనులో నిలబడి నాలుగు మాటలలో చెప్పగలుగుట శిక్షణలో ఒక భాగము.

ఇట్టి కేంద్రమును నడుపుటలో బయటివారికి తోచని చిక్కు ఒకటి కలదు: అభ్యాసమునకు సాక్ష్యము ఎక్కడిది? నిజమైన కేసుల ఫలకములలో మనుషుల రహస్యములుండును, విద్యార్థుల చేతికి ఈయరాదు. పాతసామానులో కొన్న ఫలకములును అంతే. అమెరికాలో ఎం.ఐ.టి.కి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనువారు 158 పాత ఫలకములను కొని పరిశీలించి 2003లో ఫలితములు ప్రకటించిరి. పనిచేసిన 129 ఫలకములలో సరిగా తుడిచినవి 12 మాత్రమే! కావున అధ్యాపకులు నాటకమాడవలసి వచ్చెను. 2009 చివరలో అమెరికా నౌకాదళపు ఉన్నత విద్యాలయమున, ఎం57 అను లేని కంపెనీ ఒకటి కల్పించి, అందలి ఉద్యోగుల వేషములలో కొన్ని వారములు కంప్యూటర్లను వాడి, ఉత్తరములు వ్రాసి, తప్పుడు పనులు చేసి, ఆ ఫలకములను పాఠ్యసామగ్రిగా విడుదల చేసిరి. దొంగను పట్టుట నేర్పుటకు గురువు కొన్నాళ్లు దొంగ కావలసినదే.

సామగ్రి ఉన్నను మనసు ఉన్నది గదా. నార్వే పోలీసు విద్యాలయపు నీనా సూండె, లండనులోని ఇటియెల్ డ్రోర్ ఒక ప్రయోగము చేసి 2021లో ప్రకటించిరి. 53 మంది పరిశీలకులకు ఒకే ఫలకపు ప్రతిని ఇచ్చిరి. కాని కేసును గూర్చి కొందరికి ముద్దాయి దోషి అనిపించునట్లు, కొందరికి నిర్దోషి అనిపించునట్లు వేరువేరు కథలు చెప్పిరి. ఎన్ని ఆధారములు కనబడినవి అన్నది చెప్పిన కథను బట్టి మారెను. ఒకే కథ విన్నవారు సైతము తమలో తాము ఏకీభవించలేదు. ప్రతి తీయుటలో యంత్రము తప్పు చేయకపోవచ్చును, చదువుటలో మనిషి చేయును. మంచి కేంద్రములు ఈ పాఠమును గూడ చెప్పవలసియున్నది. సాఫ్టువేరు మీటలు నొక్కుట నేర్పి పట్టము ఇచ్చు చోట ఇది సాధ్యము కాదు.

మన న్యాయస్థానములు ఈ విషయమున మెల్లగా బిగించినవి. ఎలక్ట్రానిక్ ప్రతికి ధ్రువపత్రము తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2020లో మరల స్థిరపరచెను. గుజరాత్ రాష్ట్రపు న్యాయవిజ్ఞాన విశ్వవిద్యాలయము 2020లో జాతీయ విశ్వవిద్యాలయమయ్యెను. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము ఇచ్చు ధ్రువపత్రములో హాష్ విలువను వ్రాయవలెను. ఏ పద్ధతిని వాడినదియు గుర్తించుటకు గళ్లున్నవి, వాటిలో ఎం.డి.5 పేరు ఇంకను ఉన్నది. పత్రము మొదటి భాగమును సాక్ష్యము తెచ్చినవారు నింపవలెను, రెండవ భాగముపై సంతకము నిపుణునిది. జిల్లా కోర్టులలో దినదినము దాఖలగు సెల్‌ఫోను చిత్రములు, కెమేరా దృశ్యములు ఎన్నియో అన్ని సంతకములు కావలెను. ఆ నిపుణులను తయారుచేయవలసిన తరగతి గదులు మనకు ఇప్పుడిప్పుడే తెరచుకొనుచున్నవి.